బైనరీ లెక్కలు, కాంప్లిమెంట్‌తో తీసివేత: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో డిప్లొమా, బీఎస్సీ కంప్యూటర్స్, బీటెక్ పిల్లలకు డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చెబుతుంటాను. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని పోటీ పరీక్షలకు చదివేవాళ్లూ ఇవే సందేహాలు అడుగుతుంటారు. కూడిక దగ్గర ఎవరూ పెద్దగా ఆగరు. కాంప్లిమెంట్ అనే మాట రాగానే మాత్రం స్టెప్పులు బట్టీ పట్టడం మొదలవుతుంది. బట్టీ పట్టిన స్టెప్పు పరీక్ష హాల్లో తారుమారవుతుంది. కారణం తెలిస్తే, మర్చిపోయిన స్టెప్పును అక్కడికక్కడే మళ్లీ రాబట్టుకోవచ్చు. అందుకే కింద కారణాల దగ్గర ఎక్కువసేపు ఆగాను.

బైనరీ సంఖ్యను ఎలా చదవాలి?

బైనరీలో 0, 1 అని రెండే అంకెలు. మనకు అలవాటైన లెక్కలో ఒకట్లు, పదులు, వందలు ఉన్నట్టే ఇక్కడ కుడి నుంచి 1, 2, 4, 8, 16, 32 స్థానాలు. 1 ఉన్న స్థానాల విలువలు కూడండి. 10110 అంటే 16 + 4 + 2 = 22. అంతే.

ఈ పద్ధతి కంప్యూటర్లతోనే పుట్టిందా?

కాదు. తెలుగు పాఠంలో గణ విభజన చేసిన ప్రతివాళ్లూ దీని పక్క నుంచే నడిచారు. గురువు, లఘువు అని రెండే గుర్తులు. మూడు అక్షరాలకు మ, య, ర, స, త, జ, భ, న అని సరిగ్గా ఎనిమిది గణాలు. రెండు గుర్తులను మూడు స్థానాల్లో పేర్చే దారులు ఎనిమిదే మరి. ఈ పేర్పులను ఒక క్రమంలో రాసే పద్ధతిని ప్రాచీన ఛందశ్శాస్త్రకారుడు పింగళుడు ఎప్పుడో చెప్పాడు. అయితే అది పేర్పుల లెక్క. 0, 1లతో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం చేసి చూపిస్తూ జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ 1703లో వ్యాసం ప్రచురించాడు.

కూడికకు ఎన్ని నియమాలు గుర్తుపెట్టుకోవాలి?

రెండు చాలు. 1 + 1 = 10, అంటే 0 వేసి క్యారీ 1 (ఎడమ పక్క స్థానానికి పోయే 1). 1 + 1 + 1 = 11, అంటే 1 వేసి క్యారీ 1. మిగతావి చూడగానే తెలిసేవే.

10111 (23)కి 01101 (13) కలుపుదాం. కుడి చివర 1 + 1, అంటే 0, క్యారీ 1. తర్వాతి స్థానంలో 1 + 0 + క్యారీ, మళ్లీ 0, క్యారీ 1. తర్వాత 1 + 1 + క్యారీ, 1 వేసి క్యారీ 1. తర్వాత 0 + 1 + క్యారీ, 0, క్యారీ 1. చివర 1 + 0 + క్యారీ, 0, క్యారీ 1. జవాబు 100100, అంటే 36.

నాలుగు సంఖ్యలు ఒకేసారి కూడమంటే?

ఒక స్థానంలో నాలుగు 1లు వస్తే మొత్తం 100. అంటే క్యారీ పక్క స్థానానికి కాదు, దాని అవతలి స్థానానికి వెళ్తుంది. చాలామంది ఇక్కడే తప్పుతారు. రెండేసి సంఖ్యలు కూడుకుంటూ వెళ్లండి. టైమ్ కొంచెం ఎక్కువ పట్టినా జవాబు నిలుస్తుంది. నాలుగింటినీ నిలువుగా పేర్చి చేయాలనే పట్టుదల పరీక్షలో అక్కర్లేదు.

అప్పు తెచ్చి తీసివేసేటప్పుడు మధ్యలో అన్నీ సున్నాలే ఉంటే?

ముందు ఒక మాట. బైనరీలో పక్కింటి నుంచి తెచ్చిన అప్పు విలువ పది కాదు, రెండు. చిన్నప్పటి అలవాటు ఇక్కడ అడ్డం వస్తుంది.

10000 (16) నుంచి 00011 (3) తీసేయాలి. కుడి చివర 0లోంచి 1 పోదు. పక్కన అప్పు అడిగితే అక్కడా 0, దాని పక్కనా 0. ఎడమ చివరి 1 దాకా వెళ్లాలి. ఆ 1 కాస్తా 0 అవుతుంది. దారిలో ఉన్న ప్రతి 0 తాను రెండు తీసుకుని ఒకటి కుడివైపు ఇచ్చేస్తుంది కాబట్టి తన దగ్గర 1 మిగులుతుంది. చివరి స్థానానికి మాత్రం రెండు మొత్తం దక్కుతాయి. ఇప్పుడు పై వరుస ఎడమ నుంచి 0, 1, 1, 1, 2. అందులోంచి 0, 0, 0, 1, 1 తీసేస్తే 0, 1, 1, 0, 1. జవాబు 01101, అంటే 13.

చేత్తో చేయడానికి ఇది మంచి పద్ధతే. కానీ మెషీన్‌కు దీనికోసం విడిగా ఒక తీసివేత సర్క్యూట్ కట్టాలి. ఉన్న కూడిక సర్క్యూట్‌తోనే పని జరిపించడానికి వచ్చిందే కాంప్లిమెంట్.

కాంప్లిమెంట్ అంటే అసలు ఏమిటి?

ముందు మామూలు సంఖ్యల్లో చూడండి, బైనరీ తర్వాత దానంతట అదే అర్థమవుతుంది. 523లోంచి 187 తీసేయాలి. 187ను 999 నుంచి తీసేస్తే 812. ఇందులో ఎక్కడా అప్పు అవసరం రాదు, ఎందుకంటే 9 కంటే పెద్ద అంకె లేదు. దీన్ని నైన్స్ కాంప్లిమెంట్ అంటారు. దానికి 1 కలిపితే 813, ఇది టెన్స్ కాంప్లిమెంట్. అంటే 1000 − 187.

ఇప్పుడు 523 + 813 = 1336. మనం కలిపింది 1000 − 187 కాబట్టి జవాబులో ఒక వెయ్యి ఎక్కువగా ఉంది. ముందున్న ఆ 1 కొట్టేస్తే 336. సరిచూడండి, 523 − 187 = 336.

ఫ్రాన్స్‌లో పాస్కల్ 1642 ప్రాంతంలో తయారు చేసిన లెక్కల యంత్రం కూడా ఈ తొమ్మిదుల పద్ధతిలోనే తీసివేసేది. దాని చక్రాలు ఒకే దిశలో తిరిగేవి మరి.

బైనరీలో అతిపెద్ద అంకె 1. అందుకని 999 బదులు 111 నుంచి తీసేస్తాం. 1లోంచి 1 పోతే 0, 1లోంచి 0 పోతే 1. అంటే ప్రతి బిట్టూ (బైనరీ అంకెను బిట్ అంటారు) తిరగబడుతుంది. ఇది వన్స్ కాంప్లిమెంట్. దానికి 1 కలిపితే టూస్ కాంప్లిమెంట్. బిట్లు తిప్పడం అనేది ఎవరో పెట్టిన రూల్ కాదు, తీసివేతలోంచి వచ్చిందే.

వన్స్ కాంప్లిమెంట్‌తో ఒక లెక్క చేసి చూపిస్తారా?

ఆరు బిట్లలో 25 − 14 చేద్దాం. 25 అంటే 011001. 14 అంటే 001110, దాని వన్స్ కాంప్లిమెంట్ 110001.

011001 + 110001 = 1 001010

ఆరు బిట్లు దాటి ఒక 1 బయటికి వచ్చింది. దాన్ని తీసుకెళ్లి కుడి చివర కలపాలి. 001010 + 1 = 001011, అంటే 11. ఇలా తిరిగి కలపడాన్నే ఎండ్ అరౌండ్ క్యారీ అంటారు.

తిరగేసి 14 − 25 చేస్తే? 25 వన్స్ కాంప్లిమెంట్ 100110. 001110 + 100110 = 110100. క్యారీ బయటికి రాలేదు, అంటే జవాబు మైనస్. విలువ తెలియాలంటే మళ్లీ కాంప్లిమెంట్ చేయాలి: 001011. జవాబు −11.

బయటికి వచ్చిన క్యారీని మళ్లీ ఎందుకు కలపాలి? టూస్ కాంప్లిమెంట్‌లో ఎందుకు వదిలేస్తాం?

నాకు బాగా నచ్చే ప్రశ్న ఇది. రెండు లైన్లలో తేలిపోతుంది.

ఆరు బిట్లలో 14 వన్స్ కాంప్లిమెంట్ అంటే 63 − 14. దాన్ని 25కి కలిపితే 25 − 14 + 63, అంటే అసలు జవాబు + 64 − 1. బయటికి వచ్చిన క్యారీ విలువ 64. దాన్ని తీసేస్తే మన దగ్గర మిగిలింది అసలు జవాబు కంటే ఒకటి తక్కువ. ఆ ఒకటే తిరిగి కలుపుతున్నాం.

టూస్ కాంప్లిమెంట్ అంటే 64 − 14. కలిపితే అసలు జవాబు + 64. క్యారీని వదిలేస్తే సరిగ్గా జవాబే మిగులుతుంది. ఆ ఒకటి ముందే కలిపేశాం కాబట్టి చివర కలపక్కర్లేదు.

టూస్ కాంప్లిమెంట్‌తో అదే లెక్క?

14 టూస్ కాంప్లిమెంట్ 110010. 011001 + 110010 = 1 001011. క్యారీ వదిలేయండి, 001011, అంటే 11.

14 − 25కు: 25 టూస్ కాంప్లిమెంట్ 100111. 001110 + 100111 = 110101. క్యారీ లేదు, కాబట్టి మైనస్. మళ్లీ టూస్ కాంప్లిమెంట్ తీస్తే 001011. జవాబు −11.

తిప్పి ఒకటి కలపడం కాకుండా షార్ట్‌కట్ ఉందా?

ఉంది. కుడి నుంచి వస్తూ మొదటి 1 దాకా, ఆ 1తో సహా, ఉన్నది ఉన్నట్టు రాయండి. దాని ఎడమవైపున్నవన్నీ తిప్పేయండి. 01011000 తీసుకుంటే చివరి 1000 అలాగే ఉంటుంది, ముందున్న 0101 కాస్తా 1010 అవుతుంది. జవాబు 10101000. సరిచూస్తే 88 + 168 = 256.

ఎందుకు పనిచేస్తుందంటే, కుడి చివరి సున్నాలు తిప్పితే 1లవుతాయి. ఒకటి కలిపితే ఆ క్యారీ వాటన్నిటినీ మళ్లీ సున్నాలు చేసుకుంటూ వెళ్లి, మొదటి 1 తిరగబడి 0 అయిన చోట ఆగుతుంది. అవతలికి ఏమీ వెళ్లదు.

నా స్టెప్పులన్నీ కరెక్టే, జవాబు మాత్రం తప్పు వస్తోంది. ఎందుకు?

నూటికి తొంభై సార్లు బిట్ల సంఖ్య సమానం చేయకపోవడమే. 1101 − 101 అడిగారనుకోండి, అంటే 13 − 5. చాలామంది 101ని అలాగే తిప్పేసి 010, ఒకటి కలిపి 011 రాస్తారు. 1101 + 011 = 10000, క్యారీ తీసేస్తే సున్నా! 13లోంచి 5 పోతే సున్నా ఎలా అవుతుంది?

ముందు 101ని 0101గా రాయాలి. ముందున్న ఆ సున్నా కూడా తిరగబడి 1 కావాలి. 0101 టూస్ కాంప్లిమెంట్ 1011. 1101 + 1011 = 1 1000. జవాబు 1000, అంటే 8.

కాంప్లిమెంట్ అనేది ఒక సంఖ్యకు మాత్రమే ఉండే గుణం కాదు, సంఖ్యకూ బిట్ల వెడల్పుకూ కలిపి ఉండే గుణం. 5 టూస్ కాంప్లిమెంట్ ఎంత అని ఎవరైనా అడిగితే, ఎన్ని బిట్లలో అని తిరిగి అడగండి. మెషీన్‌లో ఆ వెడల్పు ముందే నిర్ణయమై ఉంటుంది. 1967లో మన హైదరాబాదులో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ టీడీసీ పేరుతో కంప్యూటర్లు చేసింది. వాటిలో టీడీసీ-12కు 12 బిట్లు, టీడీసీ-316కు 16 బిట్లు. ఒకే సంఖ్య కాంప్లిమెంట్ రెండింట్లో రెండు రకాలుగా కనిపిస్తుంది.

క్యారీని వదిలేయడం అంటే లెక్కను ఎగ్గొట్టడం కాదా?

కాదు. పాత స్కూటర్ మీద ఐదంకెల కిలోమీటర్ మీటర్ గుర్తు తెచ్చుకోండి. 99999 తర్వాత ఒక కిలోమీటర్ నడిస్తే 00000 అవుతుంది, ముందుకు రావలసిన 1కి చోటు లేదు. అదే మీటర్‌ను 00000 నుంచి ఒకటి వెనక్కి తిప్పితే 99999. అంటే ఆ మీటర్‌లో 99999 అనేది −1లా పనిచేస్తుంది. ఎనిమిది బిట్ల రిజిస్టర్‌లో (మెషీన్ సంఖ్యను దాచుకునే చోటు) 11111111 కూడా అచ్చం అలాగే −1. దానికి 1 కలిపి చూడండి, తొమ్మిదో బిట్‌కు చోటు లేక సున్నాలు మిగులుతాయి. −1 + 1 = 0 కావాలి కదా, అదే అయింది.

క్యారీ, ఓవర్‌ఫ్లో రెండూ ఒకటేనా?

ఒకటి కాదు. ఈ తేడా తెలియకుండా ముందుకు పోవద్దని నా పిల్లలకు గట్టిగా చెబుతాను.

ఎనిమిది బిట్లలో గుర్తు (ప్లస్, మైనస్) ఉన్న సంఖ్యలు −128 నుంచి 127 దాకా పడతాయి. ఎడమ చివరి బిట్ 1 అయితే మైనస్, అదే గుర్తు బిట్. ఇప్పుడు 100 + 50 చేయండి.

01100100 + 00110010 = 10010110

క్యారీ ఏమీ బయటికి రాలేదు. కానీ ఎడమ చివర 1 వచ్చింది, చదివితే −106. రెండు ప్లస్ సంఖ్యలు కలిపితే మైనస్ వచ్చింది! ఇది ఓవర్‌ఫ్లో, జవాబు చెల్లదు.

మరోవైపు −1 + −1: 11111111 + 11111111 = 1 11111110. క్యారీ వచ్చింది, వదిలేస్తే −2. జవాబు సరైనదే, ఓవర్‌ఫ్లో లేదు.

గుర్తు బిట్‌లోకి వచ్చిన క్యారీ, దానిలోంచి బయటికి పోయిన క్యారీ ఒకేలా ఉంటే జవాబు సరే. తేడా ఉంటే ఓవర్‌ఫ్లో. వ్యతిరేక గుర్తులున్న రెండు సంఖ్యలు కూడితే ఓవర్‌ఫ్లో ఎప్పుడూ రాదు.

చోటు చాలకపోవడం చిన్న విషయం కాదు. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే పేలిపోయింది. ఒక 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల గుర్తు ఉన్న పూర్ణాంకంగా మార్చబోతే అందులో పట్టలేదు. ఇంకొకటి రాబోతోంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్ల గుర్తు ఉన్న సంఖ్యలో లెక్కపెట్టే సిస్టమ్‌లు 2038 జనవరి 19న మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు 214,74,83,647 దగ్గరికి, అంటే ఆ వెడల్పులో పట్టే అతిపెద్ద సంఖ్యకు చేరతాయి. మరుసటి సెకనులో గుర్తు బిట్ 1 అయి, మార్చకుండా మిగిలిన సిస్టమ్‌లలో తేదీ 1901 డిసెంబరుకు పోతుంది.

−128 ఉంది, +128 లేదు. ఎందుకు?

ఎనిమిది బిట్లలో 256 పేర్పులు. సున్నాకు ఒకటి పోతే 255, బేసి సంఖ్య. ప్లస్, మైనస్‌లకు సమానంగా పంచలేం. 10000000కు టూస్ కాంప్లిమెంట్ తీసి చూడండి, మళ్లీ 10000000 వస్తుంది.

వన్స్ కాంప్లిమెంట్‌ను ఇప్పుడు ఎవరైనా వాడుతున్నారా?

వాడిన మెషీన్లు ఉన్నాయి. 1964 నాటి సీడీసీ 6600 అలాంటిదే. ఇబ్బంది ఏమిటంటే అందులో రెండు సున్నాలు: 00000000 ప్లస్ సున్నా, 11111111 మైనస్ సున్నా. పైగా చివర క్యారీ తిరిగి కలిపే పని. గణితవేత్త వాన్ నాయ్‌మన్ 1945లోనే తన కంప్యూటర్ ముసాయిదాలో టూస్ కాంప్లిమెంట్ వైపు మొగ్గాడు. 1964లో ఐబీఎం సిస్టమ్/360 కూడా దాన్నే తీసుకుంది. ఇప్పుడు సీ ప్లస్ ప్లస్ భాష 2020 ప్రమాణంలో పూర్ణాంకాలు టూస్ కాంప్లిమెంట్‌లోనే ఉండాలని రాసేశారు.

అయినా వన్స్ కాంప్లిమెంట్ పూర్తిగా పోలేదు. ఇంటర్నెట్‌లో టీసీపీ, యూడీపీ అనే పద్ధతుల్లో పంపే డేటా ప్యాకెట్లతో పాటు వెళ్లే చెక్‌సమ్‌ను (తప్పు పట్టుకునే సంఖ్య) నేటికీ వన్స్ కాంప్లిమెంట్ కూడికతోనే, ఎండ్ అరౌండ్ క్యారీ కలిపే లెక్కిస్తారు.

ల్యాబ్‌లో ఒకే సర్క్యూట్ కూడికా, తీసివేతా ఎలా చేస్తుంది?

ఈ ఒక్క ప్రయోగం చేత్తో కట్టి చూస్తే పైన చెప్పినదంతా కళ్ల ముందు నిలబడుతుంది. కావలసినవి 7483 ఐసీ (చిప్) ఒకటి, 7486 ఐసీ ఒకటి. కాలేజీ కిట్‌తో పాటు ఇంట్లో కూడా కట్టుకోవాలంటే విడిభాగాల కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి.

7483 నాలుగు బిట్ల కూడిక చేస్తుంది. 7486లో నాలుగు ఎక్స్ఓఆర్ గేట్లుంటాయి. రెండో సంఖ్య బిట్లు నేరుగా 7483కి వెళ్లవు, ఒక్కొక్కటీ ఒక్కో ఎక్స్ఓఆర్ గుండా వెళ్తుంది. నాలుగు గేట్ల రెండో కాళ్లూ కలిపి ఒకే వైరుకు ఇవ్వండి, దాన్ని మోడ్ అందాం. మోడ్ 0 అయితే గేటు బిట్‌ను ఉన్నట్టే పంపుతుంది. మోడ్ 1 అయితే తిప్పి పంపుతుంది, అంటే వన్స్ కాంప్లిమెంట్ తయారు. అదే మోడ్ వైరును 7483లో 13వ పిన్‌కు, అంటే క్యారీ ఇన్‌కు కూడా ఇవ్వండి. మోడ్ 1 అయినప్పుడు అక్కడ ఒక 1 కూడా కలుస్తుంది. టూస్ కాంప్లిమెంట్ పూర్తయింది. తిప్పడం, ఒకటి కలపడం రెండూ ఒక్క వైరుతో!

9 − 4 పెట్టి చూడండి. 1001, 0100. గేట్ల తర్వాత 1011. 1001 + 1011 + 1 = 1 0101. అవుట్‌పుట్ ఎల్ఈడీలు 0101 చూపిస్తాయి, 14వ పిన్ దగ్గరి క్యారీ ఎల్ఈడీ వెలుగుతుంది. 4 − 9 పెడితే 1011 వస్తుంది, క్యారీ ఎల్ఈడీ ఆరిపోతుంది. ఇక్కడి సంఖ్యలు గుర్తు లేనివి కాబట్టే క్యారీని బట్టి ప్లస్, మైనస్ చెప్పగలుగుతున్నాం. గుర్తు ఉన్న సంఖ్యలైతే ఎడమ చివరి బిట్ చూడాలి, ఓవర్‌ఫ్లో సరిచూసుకోవాలి.

రెండు జాగ్రత్తలు. 7483కి పవర్ 5వ పిన్‌కు, గ్రౌండ్ 12వ పిన్‌కు. మిగతా ఐసీల అలవాటులో మూలల్లో ఇవ్వకండి. రెండోది, ఈ రకం ఐసీల్లో ఏమీ ఇవ్వకుండా వదిలేసిన ఇన్‌పుట్ 1లాగే పనిచేస్తుంది. కూడిక పెడితే తీసివేత జవాబు వస్తోందంటే మోడ్ వైరు ఊడిందేమో చూడండి.

8085 మైక్రోప్రాసెసర్‌లో చిన్న సంఖ్యలోంచి పెద్దది తీసేస్తే క్యారీ ఫ్లాగ్ (క్యారీని గుర్తుంచుకునే బిట్) 1 వస్తోంది. మీరు క్యారీ రాదన్నారు కదా?

రెండూ నిజమే. 8085 లోపల టూస్ కాంప్లిమెంట్ కూడికే జరుగుతుంది. తీసివేత ఇన్‌స్ట్రక్షన్ అయితే చివర వచ్చిన క్యారీని తిప్పి ఫ్లాగ్‌లో పెడుతుంది. అంటే అక్కడ ఆ ఫ్లాగ్ అప్పుకు గుర్తు. 3 − 5 చేస్తే కూడికలో క్యారీ 0, ఫ్లాగ్‌లో 1. వైవాలో ఇది అడిగితే ఈ రెండు ముక్కలు చెప్పండి చాలు.

గుణకారం, భాగహారం?

కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. 1011 × 110 అంటే 11 × 6. కింది సంఖ్యలో 1 ఉన్న చోట పై సంఖ్యను జరిపి రాయండి: 10110, 101100. కూడితే 1000010, అంటే 66. భాగహారం కూడా బడిలో చేసినట్టే, ప్రతి అడుగులో పోతుందా పోదా అనే రెండే ప్రశ్నలు.

చుక్క ఉన్న సంఖ్యలకు కాంప్లిమెంట్ ఎలా?

చుక్కలు ఒకే గీతలోకి తెచ్చి రెండు వైపులా సున్నాలు నింపండి. ఒకటి కలపాల్సింది చుక్క ముందు కాదు, కుడి చివరి స్థానంలో. 5.5 − 2.25 చూడండి: 0101.10, 0010.01. రెండో దాని టూస్ కాంప్లిమెంట్ 1101.11. కూడితే 1 0011.01. క్యారీ వదిలేస్తే 11.01, అంటే 3.25.

పరీక్షలో ఏం రాస్తే మార్కులు పోవు?

ఎన్ని బిట్లు తీసుకున్నారో మొదటి లైన్‌లోనే రాయండి. కాంప్లిమెంట్‌ను ఒక విడి లైన్‌లో చూపించండి. బయటికి వచ్చిన క్యారీని కాస్త ఎడంగా రాసి, వదిలేశారో, తిరిగి కలిపారో మాటల్లో చెప్పండి. మైనస్ జవాబైతే మళ్లీ కాంప్లిమెంట్ తీసిన స్టెప్ మింగేయకండి. చివర మామూలు సంఖ్యల్లో సరిచూస్తే అర నిమిషం పడుతుంది, టెన్షన్ మొత్తం పోతుంది.

సాధనకు కొన్ని లెక్కలు ఇస్తారా?

110101 + 11011 చేయండి, 1010000 రావాలి. 100000 − 1ను అప్పు పద్ధతిలో చేయండి, 11111 రావాలి. ఎనిమిది బిట్లలో 45 − 77ను టూస్ కాంప్లిమెంట్‌తో చేస్తే 11100000 రావాలి, అంటే −32.

చివరిగా ఎనిమిది బిట్లలో −70 − 80. 10111010 + 10110000 = 1 01101010. క్యారీ వదిలేశాక 106 కనిపిస్తుంది. గుర్తు బిట్‌లోకి క్యారీ రాలేదు, బయటికి మాత్రం వెళ్లింది. ఓవర్‌ఫ్లో అని రాసి, తొమ్మిది బిట్లు తీసుకుని మళ్లీ చేయండి; అప్పుడు 101101010, అంటే −150 వస్తుంది.